గేటు పక్క మొదటి తీగ

పిండి వృథా కావడం నాకు నచ్చదు. మధ్యాహ్నం నూడుల్స్‌కి పిండి కలిపే ముందు గోడ మీది కాలెండర్ వైపు ఒకసారి చూడటం పెళ్ళయిన రెండో ఏటి నుంచీ నాకు అలవాటు. మామగారు ఏ రోజు ఎవరి తోటలో పనికి వెళ్తే ఆ తేదీ గడిలో ఆ ఇంటివాళ్ళ పేరు పెన్సిల్‌తో రాసేదాన్ని. పేరుంటే మూడు గిన్నెలకి సరిపడా పిండి, లేకపోతే నాలుగు. అంతకు మించి ఆ రాతకి అర్థం లేదు. బావొజీ నగరానికి వెళ్ళి చరిత్ర చదువుకున్న కోడలు ఇప్పుడు పిండి చరిత్ర రాస్తోందని మా అత్తగారు వచ్చినవాళ్ళకల్లా చెప్పి నవ్వేవారు.

చలికాలంలో ఆ గడులు నిండిపోయేవి. చిన్‌లింగ్ కొండల కింద మా ఊళ్ళన్నీ కివీ పందిళ్ళే. ఆకులన్నీ రాలి, తీగలు మొద్దు నిద్రలో ఉండే చాంద్రమానం లెక్కన పన్నెండో నెలలోనే కొమ్మలు కత్తిరించాలి. ఆ పని మా మామగారు కౌ దెషెంగ్ చేసినట్టు చుట్టుపక్కల ఎవరూ చేయలేరు. ఏ కొమ్మ వచ్చే ఏడు కాస్తుందో, ఏది ఊరికే ఎండ తింటూ కూర్చుంటుందో ఆయన ఒక్క చూపులో చెప్పేస్తారు. ఊళ్ళో ఆయన పేరు కత్తెర కౌ. కూలి తీసుకోరు. ఆయన ఒకరి తోట కత్తిరిస్తే, పూల కాలంలో ఆ ఇంటివాళ్ళు వచ్చి మా పూలకి పుప్పొడి అద్ది వెళ్తారు. మధ్యాహ్నం భోజనం మాత్రం ఏ తోటలో ఉంటే ఆ ఇంట్లోనే.

ఆ కత్తెరని ఆయన చూసుకునే తీరే వేరు. ఒక్కో తీగ పని అవగానే నడుం దగ్గర వేలాడే గుడ్డ తీసి, రెండు అంచులూ నిదానంగా తుడిచి, వెలుగులో పెట్టి చూసుకుని, అప్పుడు తర్వాతి తీగ దగ్గరికి నడిచేవారు. ఆ గుడ్డకి అక్రోటు నూనె పట్టించి ఉంటుంది. నా పాత ఫ్లానెల్ చొక్కా చింపి నేనే కుట్టి ఇచ్చాను, బెల్టుకి తగిలించుకోడానికి ఒక ఉచ్చు కూడా పెట్టాను. ఉతుకుతానంటే మాత్రం ఇచ్చేవారు కాదు.

"ఉతికితే నూనె పోతుందమ్మాయ్. మురికి కత్తెరతో ఇంకొకళ్ళ తోటలో అడుగుపెట్టడం కంటే ఇంట్లో కూర్చోవడం నయం."

ఆ ఏడు ఆయన కత్తిరించింది మాతో కలిపి ఏడు తోటలు. మూడో తేదీ నుంచి మూడు రోజులు మాన్‌త్యాన్ తోట. మాన్‌త్యాన్ మా వీధి గుంపుకి పెద్ద, నీళ్ళ పంపు తాళం ఆయన దగ్గరే ఉంటుంది. రెండేళ్ళ కిందట వేరే రాష్ట్రం నుంచి లోపలి కండ ఎర్రగా ఉండే కివీ రకం మొక్కలు తెప్పించి ఒక వరుస నాటాడు. ఆ తర్వాత రెండు రోజులు లాయ్‌దీ వదిన తోట. భర్త పోయి ఐదేళ్ళు, ఒక్కతే చేసుకుంటుంది. మామగారు ఆమె తోట ముగించి వచ్చేటప్పుడు నాకోసం పులిసిన ఆవాకు జాడీ ఒకటి పంపేది. ప్రతి ఏడూ అంతే. మా అరలో మిరప నూనె సీసాకి, వెనిగర్ కుండకి మధ్య ఆ జాడీకి ఒక చోటుంది.

ఆఖరున మా తోట. ఇరవై మూడో తేదీ సాయంత్రం ఆయన చివరి కొమ్మ కోసి లోపలికి వచ్చేసరికి అత్తగారు పొయ్యి పైనున్న దేవుడి బొమ్మ మూతికి చక్కెర పాకం పూస్తున్నారు. ఆ రోజు పొయ్యి దేవుడు వారం రోజులకి స్వర్గానికి వెళ్ళి, ఏడాదంతా మా వంటింట్లో చూసినవన్నీ పైన చెబుతాడు. నోరు తియ్యగా ఉంటే మాట తియ్యగా వస్తుందని ఆశ.

"ఈ ముసలాయన నన్ను అన్న మాటలు దాటేస్తే చాలు స్వామీ," అన్నారు అత్తగారు.

"నువ్వు నన్ను అన్నవి చెప్పడానికి ఆయనకి అక్కడ ఏడు రోజులు చాలవు," అన్నారు మామగారు, కత్తెర తుడుచుకుంటూ.

మా ఆయన బావోలిన్ నవ్వాడు. నేను ఇరవై మూడు గడిలో 'మనది' అని రాసి ఉన్నదాని మీద చిన్న టిక్కు పెట్టాను. కొత్త సంవత్సరానికి పాత కాలెండర్ దించాను. దాని కాగితం దళసరి. రొట్టెల అర అడుగున పరుస్తుంటాను.

కొత్త ఏడు మొదటి పున్నమికి వచ్చే దీపాల పండుగ వెళ్ళిన రెండో రోజు పొద్దున నేను వాకిలి ఊడుస్తుంటే లాయ్‌దీ వదిన వచ్చింది. కుడి అరచెయ్యి చాపి చూపించింది. తుప్పు రంగు మరక.

"పెదనాన్న లేచారా? ఒకసారి చూడమను. నా తీగకి జలుబు చేసినట్టుంది, ముక్కు కారుతోంది."

కడిగిన ఖాళీ జాడీ తిరిగి ఇవ్వాల్సి ఉండి నేనూ వెంట వెళ్ళాను. గేటు తీయగానే మొదటి తీగ. మోకాలి ఎత్తున, కొమ్మ చీలిన చోట, పాల చుక్కలాంటిది వేలాడుతోంది. దాని కింద కాండం పొడుగునా ఎర్రగా ఒక చార. నేల దాకా దిగి మట్టిలో మడుగు కట్టింది. వాసన లేదు. మామగారు గొంతుక్కూర్చుని జేబులోంచి చాకు తీసి బెరడు కొద్దిగా గీకారు. లోపల పచ్చగా ఉండాల్సింది టీ పొడిలా ఉంది. చాకుని గుడ్డతో తుడిచి రెండో తీగ దగ్గరికి వెళ్ళారు. అక్కడా గీకి, తుడిచి, మూడోదాని దగ్గరికి.

"మంచు దెబ్బేగా పెదనాన్నా?" అంది లాయ్‌దీ వదిన.

ఆయన వరుస చివరిదాకా వెళ్ళి వచ్చాక చెప్పారు. "కాదు. పుండు తెగులు."

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. "ఇంత బలమైన తీగ ఊళ్ళో లేదని మొన్ననేగా అన్నారు."

పుండు తెగులు మాట మేం వినే ఉన్నాం. కొండకి అవతలి ఊళ్ళో మూడేళ్ళ కిందట తోటలకి తోటలే నరికేశారు. ఆమెకి చెడినవి తొమ్మిది. పుండుకి చాలా కిందగా కోసి కాల్చేయమని, మైలుతుత్తం సున్నం కలిపిన నీళ్ళు కొట్టమని మామగారు చెప్పారు. తొమ్మిదీ గేటు పక్క వరుసలోనివే. అది నేను చూశాను, చూసి జాడీ ఆమె చేతికిచ్చి ఇంటికి వచ్చేశాను.

వారం తిరిగేసరికి పాత బడి మాస్టారి తోటలో కనిపించింది. తర్వాత వంతెన దగ్గర ఇంట్లో. పోయిన వసంతంలో లాయ్‌దీ వదిన సొంత పుప్పొడి చాలక బయటి నుంచి ఒక పొట్లం కొన్నది అందరికీ తెలుసు. తెగులు ఆ పొట్లంలోనే వచ్చిందని మాన్‌త్యాన్ మొదట కొట్టు దగ్గర అన్నాడట. సాయంత్రానికి అది ఊరంతా అనే మాట అయిపోయింది. మామగారు కూడా అన్నారు. "బయటి పుప్పొడి వద్దని నేను అప్పుడే చెప్పాను," అని ఆయన అన్నది ఆ ఒక్క వాక్యమే. కాని తోటల విషయంలో ఆయన నోట్లోంచి వచ్చిన మాటని ఇక ఎవరూ తిరిగి తూచరు. ఆ మర్నాటి నుంచి పంపు తాళం లాయ్‌దీ వదినకి దొరకలేదు. ఆమె అడగడానికి వెళ్తే తాళం ఇంకెవరి దగ్గరో ఉండేది.

ఇరవై ఐదో తేదీన జిల్లా నుంచి వ్యవసాయ శాఖ అమ్మాయి వచ్చింది. బూట్ల మీద ప్లాస్టిక్ సంచులు కట్టుకుని మాస్టారి తోటలో నిలబడి, చుట్టూ మూగిన మాకు చెప్పింది. ఇది గాలికీ వానకీ కూడా వస్తుందట. కాని కోత పడినచోటే మొదలైతే ముందు అనుమానించాల్సింది కత్తెరని. తీగ ఎండినట్టు నిద్రపోతూ ఉన్నప్పుడు తెగులు లోపలికి వెళ్ళి, నీరు పైకి ఎక్కే రోజుల్లో బయటపడుతుందట.

"కత్తెర ప్రతి తీగకీ స్పిరిట్‌లో ముంచుతున్నారా?" అని అడిగింది.

అందరూ మామగారి వైపు చూశారు. అనుమానంతో కాదు, గర్వంతో. ఆయన కత్తెర తీసి చూపించారు.

"మా కౌ బాబాయ్ కత్తెరలో మొహం చూసుకుని గడ్డం గీసుకోవచ్చు మేడమ్," అన్నాడు మాన్‌త్యాన్. అందరూ నవ్వారు.

ఆ అమ్మాయి నవ్వలేదు. ఆయన నడుం వైపు చూసింది. "తుడిచే గుడ్డ ఒక్కటేనా?"

"ఒక్కటే," అన్నారు మామగారు సంతోషంగా.

ఆమె ఇంకేదో అనబోయింది. ఈలోగా మాన్‌త్యాన్ చెయ్యి చూపించి, రోగం పుట్టిన తోట అటుంది, చీకటి పడకముందే చూద్దురు రండి అని తీసుకుపోయాడు. జనం వెనకే కదిలారు. ఆ ప్రశ్న అక్కడే ఉండిపోయింది. దాని పక్కన నేను.

ఆ సాయంత్రం రొట్టెలు తీద్దామని అర లాగితే అడుగున పన్నెండో నెల కాగితం కనిపించింది. పొడి దులిపి చూశాను. నా చేతిరాతే. మాన్‌త్యాన్, మాన్‌త్యాన్, మాన్‌త్యాన్, లాయ్‌దీ, లాయ్‌దీ, ఒక ఖాళీ గడి, మాస్టారు, మాస్టారు, వంతెన ఇల్లు. తెగులు బయటపడిన వరుస కూడా అదే, ఒక్క మాన్‌త్యాన్ పేరు తప్ప. రొట్టెలు తీసుకోవడం మర్చిపోయి అర మూసేశాను.

మర్నాడు పని ఉన్నట్టు చేసుకుని ఊరంతా తిరిగాను. మాస్టారి తోటలో చెడినవి గేటు పక్కవే. వంతెన దగ్గరా అంతే. మామగారు ఎవరి తోటలోనైనా గేటు పక్క మొదటి తీగతోనే మొదలుపెడతారు. అంతకు ముందు తోట నుంచి ఆ గుడ్డ మోసుకొచ్చిన తెగులు మొదటి తీగలకి ఎక్కువ అంటుతుంది, వరుస లోపలికి పోయేకొద్దీ తక్కువ. మాన్‌త్యాన్ గేటుకి తాళం ఉంది. సందులోంచి చూస్తే లోపల రెండో వరుస మొత్తం మొదళ్ళే, కోసిన చోట మెత్తిన మట్టి ఎప్పుడో ఎండి పగిలి ఉంది. పక్కన బూడిద గుట్ట. అది ఆ ఎర్ర రకం నాటిన వరుస. అంటే పండుగకి ముందే మాన్‌త్యాన్‌కి తెలుసు.

తిరిగి వచ్చి మా గేటు దగ్గర ఆగాను. మా మొదటి తీగని ఇంట్లో తల్లి తీగ అంటాం. ఊళ్ళో సగం తోటలకి అంటు పుల్లలు దాని నుంచే వెళ్ళాయి. ఆ ఏటి పుల్లలు కోసి నేలమాళిగలో ఇసుకలో పాతి ఉంచారు, వచ్చే నెల మూడు ఇళ్ళలో అంటు కట్టడానికి. తీగ చుట్టూ తిరిగి చూశాను. కోత పడిన ఒక ముడి కింద జొన్న గింజంత తెల్ల చుక్క. బొటనవేలితో తుడిచేశాను. తర్వాత ఏం చేశానో తెలిసి, వెళ్ళి చేతులు మూడుసార్లు కడుక్కున్నాను.

బావోలిన్ కొట్టంలో మందు పంపు విప్పి బాగుచేస్తున్నాడు. కాగితం ముందు పెట్టి చెప్పాను. పంపు నట్టు ఒకటి బిగించి, మళ్ళీ వదులు చేశాడు.

"నాన్నకి తెలిస్తే మళ్ళీ కత్తెర పట్టుకోడు," అన్నాడు. "అది లేకపోతే ఆయనకి పొద్దున లేవడం ఎందుకో కూడా తెలీదు."

లాయ్‌దీ వదిన సంగతి అడిగాను. చెడిన తొమ్మిదీ తీసేస్తే సరిపోతుంది, నాలుగు రోజులకి అందరూ మర్చిపోతారు అన్నాడు. మరి అంటు పుల్లలు? అవి ఎండిపోయాయని ఏదో ఒకటి తనే చెప్పి పారేస్తానన్నాడు.

"నేను చెప్పను. నువ్వూ చెప్పకు వెన్‌చ్యూ."

నేను చెప్పలేదు.

ఆ రోజుల్లో నేను చేసిన పనులన్నీ సరిగ్గానే చేశాను. పిండి సరిపోయింది, ఉప్పు సరిపోయింది. రోజుకి రెండుసార్లు తల్లి తీగ దగ్గరికి వెళ్ళి చూసి వచ్చేదాన్ని. ఒక చుక్క రెండైంది. మామగారు మధ్యాహ్నాలు ఎండలో కూర్చుని అంటు చాకు నూరుకునేవారు. ఆ రాపిడి చప్పుడు వంటింట్లోకి వినిపించేది. అది ఆగితే ఎక్కడికి బయల్దేరుతున్నారో అని బయటికి వచ్చి చూసేదాన్ని. ఒకసారి, "ఏమిటమ్మాయ్, గంటకోసారి వచ్చి నన్ను లెక్కపెడుతున్నావు?" అన్నారు.

లాయ్‌దీ వదిన పంపు లేక కాలవ నుంచి కావడితో నీళ్ళు మోసుకుని మందు కలుపుకునేది. మా గోడ పక్కనుంచే వెళ్ళాలి. ఐదో రోజో ఆరో రోజో కావడి దించి గోడ మీంచి పిలిచింది. పొయ్యి మీద గిన్నె ఉందని చెప్పి లోపలికి వచ్చేశాను.

"నీక్కూడా నా గాలి సోకకూడదా?" అని వెనక నుంచి అంది. కోపంగా కూడా లేదు. నిజంగానే అడిగినట్టుంది.

పొయ్యి మీద ఏమీ లేదు.

రెండో నెల రెండో తేదీ మధ్యాహ్నం మాన్‌త్యాన్ ఒక కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. నేను టీ పోసి పక్కనే నిలబడ్డాను. తెగులు లాయ్‌దీ తోటలో పుట్టిందని, మిగిలిన తోటల్ని కాపాడుకోడానికి ఆమె తీగలన్నీ పది రోజుల్లో వేళ్ళతో తీసేయాలని అందులో ఉంది. కింద సంతకాలకి గీతలు. మొదటి గీత మామగారిది.

"అన్నీనా? చెడినవి తొమ్మిదే కదా," అన్నారు మామగారు.

"ఒక్కటి మిగిలినా అందరికీ ముప్పే బాబాయ్. మీకు నేను చెప్పాలా? మీరు సంతకం పెడితే ఇంకెవరూ నోరెత్తరు."

"పద్నాలుగేళ్ళ తీగలవి. నేను అంటు కట్టినవే."

"అందుకే మీరు చెబితే బాగుంటుంది."

మామగారు కాగితాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూశారు. "అద్దాలు ఎక్కడో పెట్టాను. రేపు పొద్దున పెట్టి పంపుతాను."

అద్దాలు ఆయన చొక్కా జేబులోనే ఉన్నాయి. నాకు కనిపిస్తూనే ఉన్నాయి.

మర్నాడు పొద్దున మొక్కజొన్న జావ వడ్డించాను. ఆయన గిన్నె పక్కన ఒకవైపు మాన్‌త్యాన్ కాగితం ఉంది. రెండోవైపు పన్నెండో నెల కాగితం పెట్టి, రొట్టె పొడి చేత్తో తుడిచి, నా చోట కూర్చున్నాను. బావోలిన్ లేచి నిలబడ్డాడు. మళ్ళీ కూర్చున్నాడు. అత్తగారు ఊరగాయలో ఉప్పు ఎక్కువైందని ఏదో అంటూ ఆగిపోయారు.

మామగారు జేబులోంచి అద్దాలు తీసి పెట్టుకున్నారు. వేలు మూడో తేదీ మీద పెట్టి గడి గడిగా కదిపారు.

"నీ రాతే."

"అవును నాన్నా." మా వైపు మామగారిని నాన్న అనే పిలుస్తాం.

"ఎనిమిది ఖాళీగా ఉంది."

"ఆ రోజు పప్పుల జావ పండుగ. మీరు ఇంట్లోనే ఉన్నారు."

తల ఊపారు. వేలు మళ్ళీ కదిలింది. లాయ్‌దీ దగ్గర ఆగి, మాస్టారి దగ్గర ఆగి, ఇరవై మూడు దాకా వెళ్ళింది.

"నేను గేటు దగ్గరే మొదలుపెడతాను," అన్నారు. అది నాతో అన్నది కాదు. వేలు ఇరవై మూడు మీదే ఉంచి, "మన గేటు దగ్గర?" అన్నారు.

"తల్లి తీగకి వచ్చింది నాన్నా. నిన్నటికి మూడు చుక్కలు."

ఆయన నడుం దగ్గర నుంచి గుడ్డ తీసి బల్ల మీద పెట్టారు. మడతలు విప్పి చూశారు. మధ్యలో నల్లగా, అంచుల్లో నా చొక్కా నీలం ఇంకా తెలుస్తోంది. తర్వాత చెంచా తీసుకుని జావ తాగడం మొదలుపెట్టారు. ఎప్పటిలాగే గిన్నెకి ఒక్క చుక్క మిగలకుండా తాగేశారు.

"మాన్‌త్యాన్ తోటలో రెండో వరుసలో ఎర్ర చారలు చూశాను," అన్నారు గిన్నె దించి. "మంచు పగులు అనుకున్నాను. కత్తెర శుభ్రంగా తుడుచుకుని ముందుకి వెళ్ళాను."

బావోలిన్ ఏదో అనబోయాడు. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆ కాగితం మడిచి తీసుకో అమ్మాయ్. నాతో రా. పేర్లు నువ్వు చదువు. వరుస తప్పకూడదు."

ముందు మాన్‌త్యాన్ ఇల్లు. ఆయన గేటు సగమే తెరిచి నిలబడ్డాడు. మామగారు ఏ తేదీల్లో వచ్చారో, ఏ వరుసలో ఏం చూశారో, ఆ గుడ్డతో ఎటు వెళ్ళారో వాకిట్లోనే నిలబడి చెప్పారు. చారలు చూసీ చెప్పకపోవడం తన తప్పే అన్నారు. ఆ వరుస కోసేసిన సంగతి ఎత్తలేదు. ఎత్తక్కర్లేకపోయింది.

"చలికి మీకు మతి చెదిరింది బాబాయ్," అన్నాడు మాన్‌త్యాన్ గొంతు తగ్గించి. "ఇది బయటికి పొక్కితే రేపు మీ కత్తెరని ఎవరు గడప దాటనిస్తారు?"

"దాటనివ్వకూడదు. అది చెప్పడానికే తిరుగుతున్నాను."

సంతకం లేని కాగితాన్ని ఆయన చేతిలో పెట్టి వెనక్కి తిరిగారు. నేను తర్వాతి పేరు చదివాను.

లాయ్‌దీ వదిన అప్పుడే కాలవ నుంచి వస్తోంది. భుజం మీద కావడి దించకుండానే విన్నది. నీ పుప్పొడిలో ఏమీ లేదు, తెచ్చింది నా గుడ్డ, నిన్ను అన్న మాట కూడా నాదే అని ఆయన చెప్పడం అయ్యాక బకెట్లు కింద పెట్టింది. నీళ్ళు కొంచెం తొణికి ఆమె చెప్పుల మీద పడ్డాయి.

"మీకెప్పుడు తెలిసింది పెదనాన్నా?"

"ఈ పొద్దున."

అప్పుడు నా చేతిలో ఉన్న కాగితం వైపు చూసింది. తర్వాత నా వైపు.

"నీకు?"

ఈ పొద్దునే అనవచ్చు. మామగారికి కూడా తెలీదు. బావోలిన్ ఎప్పటికీ చెప్పడు.

"ఎనిమిది రోజులైంది వదినా."

"ఎనిమిది రోజులు," అంది. కావడి బద్ద తీసి గోడకి ఆనించింది, అది జారిపోకుండా మళ్ళీ ఒకసారి సరిచేసింది. "లోపలికి రండి పెదనాన్నా. కాళ్ళు కొయ్యబారి ఉంటాయి. వేడినీళ్ళు తాగి వెళ్దురు."

నన్ను రమ్మనలేదు. ఆయన లోపల ఉన్నంతసేపూ నేను గేటు దగ్గరే నిలబడ్డాను, కోసేసిన మొదటి తీగ మొదలు పక్కన. తర్వాత మిగిలిన నాలుగు ఇళ్ళకీ వెళ్ళాం. ఒకళ్ళు తిట్టారు. మాస్టారు టీ ఇచ్చారు. వంతెన దగ్గర ఇంటాయన తలుపు వేసుకున్నాడు.

జిల్లా అమ్మాయి మళ్ళీ వచ్చింది. ఎవరి తోటలోనూ అన్నీ తీయక్కర్లేదని, చెడినవే తీసి కాల్చమని, మిగిలినవాటిని వారానికోసారి చూసుకోమని తేల్చింది. మా తోటలో పోయినవి పదకొండు. తల్లి తీగని మామగారు తనే రంపంతో కోశారు. పక్కన బకెట్‌లో స్పిరిట్ పెట్టుకుని నాలుగు లాగుళ్ళకోసారి రంపం ముంచారు, అది చచ్చిపోయే తీగే అయినా. నేలమాళిగలోని అంటు పుల్లలన్నీ దాని మీదే వేసి కాల్చారు. గుడ్డని నేను పొయ్యిలో పెట్టాను. నూనె పట్టి ఉందేమో, భగ్గున లేచింది. అత్తగారు ఉలిక్కిపడి దేవుడి బొమ్మ వైపు చూశారు.

పూల కాలంలో మా తోటకి పుప్పొడి అద్దడానికి ఏటా పద్నాలుగు మంది వచ్చేవారు. ఆ ఏడు ముగ్గురు వచ్చారు. మిగిలిన పూలు మేమే అద్దుకున్నాం. మామగారు నిచ్చెన మీద ఒక్కో పువ్వునీ ముందు తిప్పి చూసేవారు, రేకుల వెనక గోధుమ రంగు మచ్చ ఉందేమోనని. ఆ మచ్చ కోసం మేమంతా అన్ని పూలనీ అలాగే చూశాం. నాకిప్పటికీ పువ్వుని ముందు నుంచి చూడటం చేత కాదు.

లాయ్‌దీ వదినకి మొత్తం పదహారు పోయాయి. మిగిలిన తోట నిలబడింది.

మళ్ళీ పన్నెండో నెల వచ్చింది. కొత్త కాలెండర్ గడులు ఖాళీగా ఉన్నాయి. మామగారు పొద్దున లేచి వాకిలి ఊడ్చేవారు, ఊడ్చిన వాకిలి మళ్ళీ ఊడ్చేవారు. రోజూ నాలుగు గిన్నెల పిండి కలిపాను. కత్తెర గోడకి మేకు మీద ఉంది. ఎవరూ దాని మాట ఎత్తలేదు.

ఐదో తేదీ పొద్దున లాయ్‌దీ వదిన వచ్చి వాకిట్లో నిలబడింది. ఒక చేతిలో స్పిరిట్ డబ్బా, రెండో చేతిలో కొత్త కత్తెరలు రెండు.

"పెదనాన్నా, ఊళ్ళో కుర్రాళ్ళని పెడితే నా తోట పొదలా చేసిపెట్టారు," అంది. "ఒకటి నానుతుంటే రెండోదాంతో కోయండి. ప్రతి తీగకీ మార్చాలి. నేను పక్కనే నిలబడి చూస్తుంటాను, మర్చిపోతే అరుస్తాను. మీ కత్తెర మాత్రం ఇంట్లో పెట్టి రండి."

"అరుద్దువుగాని," అన్నారు మామగారు. చీపురు గోడకి ఆనించి, అప్పుడే టోపీ కోసం వెతుక్కుంటున్నారు.

"ఒక గిన్నె జావ తాగి వెళ్ళు లాయ్‌దీ," అన్నారు అత్తగారు. పనుందని ఆమె గేటు వైపు తిరిగింది. వంటింటి గుమ్మంలో ఉన్న నేను ఆమెకి కనిపించే ఉంటాను.

ఐదు, ఆరు గడుల్లో 'లాయ్‌దీ' అని రాశాను. ఆ రెండు రోజులూ మూడు గిన్నెల పిండి.

రెండో రోజు సాయంత్రం మామగారు వచ్చి, చేతులు కడుక్కుని, తిన్నె మీద కూర్చున్నారు. చేతుల నిండా స్పిరిట్ వాసన. తోట గురించి అత్తగారికి చాలా చెప్పారు. ఏ కొమ్మ ఉంచారో, ఏది తీశారో, తొంభై మూడో తీగ దగ్గర మర్చిపోతే ఆమె నిజంగానే ఎలా అరిచిందో. చాలా రోజుల తర్వాత ఆయన గొంతు అలా విన్నాం. నేను టీ ఇవ్వడానికి దగ్గరికి వెళ్ళినప్పుడు ఆయన మాట ఆపి, తిన్నె మీద పెట్టిన తన పని సంచీ వైపు చూశారు. సంచీ చదునుగా ఉంది.

"ఆవాకు ఈ ఏడు సరిగా పులియలేదట," అన్నారు, గ్లాసు అందుకుంటూ.

మామగారికి అబద్ధం చెప్పడం రాదు. నేను సరేనని తల ఊపి వంటింట్లోకి వచ్చాను. అరలో మిరప నూనె సీసాకి, వెనిగర్ కుండకి మధ్య ఉన్న చోటుని గుడ్డతో తుడిచాను. ఆ రెండింటినీ దగ్గరికి జరపలేదు.